ఎలుకలో దొరికిన దోషి

"షుగర్ వల్ల కిడ్నీలు పాడవడానికి కారణమైన ప్రొటీన్ దొరికింది." ఈ వార్త నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఒకసారి ఆ ప్రొటీన్ పేరు టీజీఎఫ్-బీటా. ఇంకోసారి ప్రొటీన్ కైనేజ్-సి. ఆ తర్వాత జాక్, ఆస్క్-1, ఎంటార్, వీఈజీఎఫ్. పేరు మారుతుంది గానీ కథ మారదు. షుగర్ ఉన్న ఎలుకల కిడ్నీల్లో ఫలానాది విపరీతంగా పెరిగింది, దాన్ని అడ్డుకుంటే ఎలుకలు కోలుకున్నాయి, ఇక మనుషులకు మందు రావడమే తరువాయి. మొన్న మా బావ అలాంటిదే ఒకటి పంపి, "ఏంటోయ్, నువ్వు కిడ్నీ ల్యాబ్‌లోనే కదా పనిచేసింది, ఈ మందు ఎప్పటికొస్తుంది?" అని అడిగాడు. ఆయనకు షుగర్ చాలా ఏళ్ళుగా ఉంది. "ఇప్పట్లో రాదులే బావా" అని ఊరుకున్నాను. ఎందుకు రాదో ఫోన్లో చెప్పే సంగతి కాదు.

నేను చెప్పదలుచుకున్నది ఇది. షుగర్ కిడ్నీ జబ్బులో సిగ్నలింగ్ ప్రొటీన్ల, అంటే కణాలకు కబుర్లు మోసే ప్రొటీన్ల, పాత్ర పెద్దదే, అందులో నాకు అనుమానం లేదు. కానీ వాటిని ఒక్కొక్కటిగా బోనెక్కించి నేరం ఒప్పించే పద్ధతి వల్ల రోగికి దక్కింది చాలా తక్కువ. నిజంగా డయాలసిస్‌ను వెనక్కి నెట్టిన మందులు చాలామటుకు కిడ్నీ మీద పడే భారాన్ని తగ్గించినవే. భారం తగ్గాక సిగ్నళ్ళు వాటంతటవే సద్దుమణిగాయి. ఈ వాదనకు ఎదురు తగిలే ఉదాహరణలు ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను.

కిడ్నీని రుబ్బితే ఏం తెలుస్తుంది

ఇలాంటి వార్తలు ఎలా పుడతాయో దగ్గర్నుంచి చూసినవాణ్ణి కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను. ప్లాస్టిక్ డిష్‌లలో కిడ్నీ కణాలు పెంచుతాం. ఒక డిష్‌లో గ్లూకోజ్ 5 మిల్లీమోలార్. ఇది షుగర్ లేని మనిషి పరగడుపు రక్తంలో ఉండేంత. పక్క డిష్‌లో 25. మన రిపోర్టుల లెక్కలో అది 450. రెండు మూడు రోజులు అలా ఉంచి, ఏ ప్రొటీన్ పెరిగిందో చూస్తాం. మనిషిలో ఈ జబ్బు ముదరడానికి పదిహేను, ఇరవై ఏళ్ళు పడుతుంది. ఆ ఇరవై ఏళ్ళూ షుగర్ పైకీ కిందకీ ఆడుతుంటుంది, పక్కన బీపీ ఉంటుంది, రక్తం ఒత్తిడితో వడపోతలోకి దూసుకొస్తుంటుంది. డిష్‌లో ఇవేవీ ఉండవు. కదలని ద్రవంలో ఉన్న కణాల మీద ఉన్నట్టుండి 450 షుగర్ కుమ్మరిస్తే ఏ సిగ్నల్ మాత్రం లేవకుండా ఉంటుంది?

డిష్ తర్వాత ఎలుక. కిడ్నీ తీసి, ఐసు మీద పెట్టి రుబ్బి, అందులోని ప్రొటీన్లను వేరుచేసి, ఏ ప్రొటీన్ ఎంత ఉందో చూపే వెస్టర్న్ బ్లాట్ పరీక్ష చేస్తాం. ఫిల్మ్ మీద నల్లగీతలు తేలతాయి. పై వరసలో ఫాస్ఫేట్ తగిలించుకున్న స్మాడ్-3, అంటే టీజీఎఫ్-బీటా చెప్పిన మాట కణం లోపలికి చేరిందనడానికి గుర్తు. కింద అన్నిటిలోనూ సమానంగా రావలసిన యాక్టిన్. షుగర్ ఎలుకల వరసలో పై గీత చిక్కబడితే ఆ రోజు ల్యాబ్‌లో అందరి మొహాలూ వెలిగిపోతాయి. ఒకసారి మా మీటింగుకు వచ్చిన పాథాలజిస్టు మేడమ్ తెర మీద ఆ గీతను చూసి, "బాగుంది. ఇందులో పోడోసైట్ల వంతు ఎంతుంటుందంటారు?" అన్నారు. ఎవరూ నోరు విప్పలేదు. కిడ్నీని మొత్తంగా రుబ్బితే ఆ ముద్దలో ఎక్కువభాగం ట్యూబ్యూల్ (వడకట్టిన ద్రవం పారే సన్న గొట్టం) కణాలే. వడపోత తెరను పట్టుకుని ఉండే పోడోసైట్లు అందులో ఏ మూలకో. ఒక రకం కణంలో సిగ్నల్ పెరిగి, ఇంకో రకంలో అదే సిగ్నల్ తగ్గినా, ఆ గీత చెప్పేది కలిపి కొట్టిన సగటు మాత్రమే. ఈ మధ్య ఒక్కో కణాన్నీ విడిగా చదివే పద్ధతులు వచ్చాక ఈ ఇబ్బంది తగ్గింది. అయినా వార్తలకెక్కే బొమ్మల్లో ఇప్పటికీ ఒకే కణం, దానిలో కిందికి దిగే బాణాలు, చివర ఒక పుర్రె గుర్తు లాంటిదేదో ఉంటుంది.

మేడమ్ ప్రశ్నను చాదస్తమని కొట్టిపారేయలేం. 2010లో ఒక బృందం పోడోసైట్లలో మాత్రమే ఇన్సులిన్ రిసెప్టర్‌ను తీసేసిన ఎలుకలను తయారుచేసింది. వాటి రక్తంలో షుగర్ మామూలుగానే ఉంది. అయినా మూత్రంలో అల్బుమిన్ (రక్తంలో ఉండాల్సిన ప్రొటీన్) పోవడం మొదలై, కిడ్నీ చూడ్డానికి షుగర్ రోగి కిడ్నీకి దగ్గరగా తయారైంది. ఎంటార్ సంగతి ఇంకా చిత్రం. 2011లో వచ్చిన పరిశోధనల ప్రకారం షుగర్ ఎలుకల పోడోసైట్లలో ఎంటార్ మితిమీరి పనిచేస్తుంది, దాన్ని కొంచెం తగ్గిస్తే జబ్బు నెమ్మదిస్తుంది. పూర్తిగా తీసేస్తే మాత్రం షుగర్ లేకపోయినా వడపోత చెడిపోతుంది. ఎంటార్‌ను అణిచే సిరోలిమస్ వాడే కిడ్నీ మార్పిడి రోగుల్లో కొందరికి మూత్రంలో ప్రొటీన్ పోవడం డాక్టర్లకు తెలిసిన దుష్ఫలితమే. వీఈజీఎఫ్‌దీ అదే తంతు. పోడోసైట్లలో దాన్ని మితిమీరి పెంచినా జబ్బే, సగానికి తగ్గించినా జబ్బే. క్యాన్సర్లో దాన్ని బంధించడానికి ఇచ్చే బెవాసిజుమాబ్ కొందరి మూత్రంలోకి ప్రొటీన్ కారేలా చేస్తుంది.

కాబట్టి "పెరిగింది" అన్న ఒక్క మాటతో శిక్ష వేయడం కుదరదు. ఎంత పెరిగింది, ఏ కణంలో, జబ్బు ఏ దశలో అన్నవి తేలాలి. ఇవి వార్తలో ఇమడవు, నిజమే. పరిశోధన పత్రాల్లో కూడా చాలాసార్లు ఇమడటం లేదు, నా బాధ అది.

టీజీఎఫ్-బీటా కేసు

అందరికంటే బలమైన సాక్ష్యం ఉన్న ముద్దాయి టీజీఎఫ్-బీటా. 1936లో కిమ్మెల్‌స్టీల్, విల్సన్ షుగర్ రోగుల కిడ్నీల్లో రక్తాన్ని వడకట్టే సన్న నాళాల ఉండల్లో, అంటే గ్లోమెరులస్‌లలో గుండ్రంగా పేరుకుపోయిన ముద్దలను వర్ణించారు. ఆ పేరుకునే పదార్థాన్ని తయారుచేయమని ఆ నాళాలను పట్టి ఉంచే మెసాంజియల్ కణాలను పురమాయించే వాటిలో ముందుండేది ఇదే. గ్లూకోజ్ పెరిగితే ఇది పెరుగుతుంది. బీపీ పెంచే హార్మోన్ యాంజియోటెన్సిన్ పెరిగినా పెరుగుతుంది. రక్తపు ఒత్తిడికి కణాలు సాగినా పెరుగుతుంది. 2000 సంవత్సరంలో డీబీ/డీబీ అనే షుగర్ ఎలుకలకు దీన్ని బంధించే యాంటీబాడీ ఇస్తే ఆ పేరుకుపోవడం ఆగింది, కిడ్నీ పనితీరు నిలబడింది. అల్బుమిన్ పోవడం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. పత్రం చదివినవాళ్ళు ఆ చివరి సంగతిని దాటుకుంటూ వెళ్ళిపోయారు, ఎందుకంటే మిగతాదంతా అంత బాగుంది.

మనుషుల్లో పరీక్ష జరగడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఎలై లిల్లీ అనే మందుల కంపెనీ యాంటీబాడీని 416 మంది మీద పరీక్షించారు. అందరూ అప్పటికే యాంజియోటెన్సిన్‌ను అడ్డుకునే మందుల మీద ఉన్నవాళ్ళు, మూత్రంలో ప్రొటీన్ బాగా పోతున్నవాళ్ళు. ఫలితం వచ్చే ఆశ లేదని తేలి, అనుకున్న గడువుకు ముందే ఆపేశారు. 2017లో ఫలితాలు అచ్చయ్యాయి: కిడ్నీ వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం క్రియాటినిన్, రక్తంలో దాని పెరుగుదల నెమ్మదించలేదు.

ఎందుకని? నాకు తోచిన జవాబుల్లో మొదటిది కాలం. ఎలుకకు మచ్చలు కడుతుండగా మందు పడింది, మనుషులకు కట్టేశాక పడింది. రెండోది ఆ ప్రొటీన్ స్వభావం. 1992లో టీజీఎఫ్-బీటా1 లేకుండా పుట్టించిన ఎలుకలు కొద్ది వారాలకే ఒళ్ళంతా వాపు ప్రక్రియ చెలరేగి చచ్చిపోయాయి. అంటే మచ్చ కట్టించే ఈ ప్రొటీనే రోగనిరోధక కణాలను అదుపులో పెడుతుంది కూడా. కిడ్నీలో ఇది చేసే చెడ్డను ఆపబోయి మంచిని కూడా ఆపేస్తున్నామేమో. మూడోది నాకు అన్నిటికంటే బలంగా కనిపించేది. కాలువకు ఒకచోట గండి పూడ్చితే సరిపోదు, పైనుంచి వచ్చే ఉధృతి అలాగే ఉంటే నీరు ఇంకోచోట గట్టు తెంచుకుంటుంది. షుగర్ కిడ్నీలో పైనుంచి వచ్చేవి రెండు: గ్లోమెరులస్ లోపలి ఒత్తిడి, ట్యూబ్యూల్ మీద పడే గ్లూకోజ్ చాకిరి. అవి అలాగే ఉండగా స్మాడ్ దారి మూస్తే ఇంకేదో దారి తెరుచుకుంటుంది.

అంకె బాగుపడింది, గుండె ఆగింది

దోషిని పట్టుకునే పద్ధతికి తోడబుట్టినది ఇంకోటుంది. రక్షకుణ్ణి లేపడం. ఎన్‌ఆర్‌ఎఫ్-2 అనే ప్రొటీన్ కణాన్ని ఆక్సిడేటివ్ ఒత్తిడి నుంచి కాపాడే జన్యువులను నడిపిస్తుంది. షుగర్ కిడ్నీలో ఆ ఒత్తిడి ఎక్కువ, కాబట్టి ఎన్‌ఆర్‌ఎఫ్-2ను మేల్కొలిపితే మేలు. కాగితం మీద ఇంతకంటే చక్కటి తర్కం ఉండదు. బార్డోక్సొలోన్ అనే మందు అదే చేసింది. 2011లో వచ్చిన ఫలితాల్లో రోగుల ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత వడకడుతోందో చెప్పే అంకె) పడిపోవడం ఆగడమే కాదు, ఏకంగా పైకెక్కింది. ఈ జబ్బులో పైకెక్కడం అనేది ఎవరూ చూడనిది. నాకు బాగా గుర్తు, ఆ గ్రాఫ్‌ను మా ల్యాబ్‌లో గోడకు అంటించారు.

తర్వాత 2185 మందితో బీకన్ పరీక్ష. 2012 అక్టోబరులో ఆపేయాల్సి వచ్చింది. గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరినవాళ్ళు, దానివల్ల చనిపోయినవాళ్ళు మందు గుంపులో 96 మంది, ఉత్తుత్తి మాత్ర గుంపులో 55. ఈజీఎఫ్ఆర్ మాత్రం మందు గుంపులో అప్పుడూ బాగానే పెరిగింది. డయాలసిస్ దాకా వెళ్ళడం తగ్గలేదు.

దీని పక్కన మా పెదనాన్న సంగతి పెట్టి చూడండి. ఆయనకు డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర మొదలుపెట్టారు. కొన్ని వారాలకు పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.4 నుంచి 1.6కు పెరిగింది. ఆయన రిపోర్టు మీద 1.6 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, మాత్రల స్ట్రిప్ పక్కన పడేసి, "కిడ్నీకి మంచిదని ఇచ్చి కిడ్నీనే తినేస్తున్నార్రా" అన్నారు. డాక్టరుగారు ఆ ఎర్ర సున్నా చూసి నవ్వారట. "ఇది కాస్త పెరుగుతుందని నాకు ముందే తెలుసండీ. వడపోత లోపల ఒత్తిడి తగ్గింది కాబట్టి వడకట్టడం కాస్త తగ్గింది, అందుకే ఆ అంకె. మానకండి" అని పంపించారు. నిజమే. ఈ మందులతో మొదట్లో ఈజీఎఫ్ఆర్ కొంచెం పడిపోయి, ఆపైన ఏళ్ళ తరబడి నిలకడగా ఉంటుంది. యాంజియోటెన్సిన్ మందులతోనూ ఇంతే.

అంకెను పెంచిన మందు మనుషులను దెబ్బతీసింది, అంకెను మొదట చెడగొట్టిన మందు కిడ్నీని కాపాడింది. బార్డోక్సొలోన్ పెంచిన ఈజీఎఫ్ఆర్‌లో కొంత, అలసిపోయిన గ్లోమెరులస్‌లను ఇంకా గట్టిగా పరిగెత్తించడం వల్ల వచ్చిందేనని చాలామంది నెఫ్రాలజిస్టుల అనుమానం. నాదీ అదే.

ఇక డాపాగ్లిఫ్లోజిన్ కోవ మందుల చరిత్ర చూస్తే నా వాదన నాకే ఇంకా నచ్చుతుంది. ఇవి అడ్డుకునే ఎస్‌జీఎల్‌టీ-2 సిగ్నలింగ్ ప్రొటీన్ కాదు. వడకట్టిన గ్లూకోజ్‌ను తిరిగి లోపలికి మోసే ప్రొటీన్. రోజుకు దాదాపు 180 గ్రాముల గ్లూకోజ్ వడపోత గుండా దిగితే, అందులో 90 శాతం దాకా వెనక్కి లాగేది ఇదే. దీన్ని అడ్డుకునే ఫ్లోరిజిన్‌ను ఆపిల్ చెట్టు బెరడు నుంచి 1835లోనే తీశారు. ఈ కాలపు మాత్రలను తయారుచేసింది షుగర్ తగ్గించడానికి. కిడ్నీ మీద ఇంత ప్రభావం ఉంటుందని ముందే ఊహించి కాదు. 2019లో కనాగ్లిఫ్లోజిన్ మీద క్రెడెన్స్ పరీక్ష 4401 మందితో, మేలు స్పష్టంగా కనబడి ముందే ముగిసింది: ప్రధాన ముప్పు, అంటే పరీక్షలో ముఖ్యంగా లెక్కించిన కిడ్నీ వైఫల్యం లాంటివి, 30 శాతం తక్కువ. 2020లో డాపాగ్లిఫ్లోజిన్ పరీక్షలో 39 శాతం. అందులో మూడోవంతు మందికి అసలు షుగరే లేదు! షుగర్ లేనివాళ్ళ కిడ్నీ కూడా కోలుకుందంటే, అది గ్లూకోజ్ లేపిన ఫలానా సిగ్నల్‌ను ఆపడం వల్ల అనుకోవడం కష్టం. ఒత్తిడీ చాకిరీ తగ్గడం వల్ల అనుకోవడం తేలిక. 2023లో యువ రోగుల కిడ్నీ బయాప్సీలను కణం కణంగా చదివినప్పుడు, ఈ మాత్రలు వేసుకుంటున్నవాళ్ళ ట్యూబ్యూల్ కణాల్లో ఎంటార్ సందడి తగ్గి ఉంది. దాన్ని నేరుగా ఎవరూ ముట్టుకోలేదు.

మరి లోసార్టాన్ మాటేమిటి?

ఇక్కడ మా పాత ల్యాబ్ మిత్రుడు నన్ను నిలదీస్తాడని తెలుసు. యాంజియోటెన్సిన్ సిగ్నల్ కాదా? ఒంట్లో ఉప్పును నిలిపే హార్మోన్ ఆల్డోస్టెరోన్ కబురు అందుకునే రిసెప్టర్ సిగ్నలింగ్ ప్రొటీన్ కాదా? 1993లో క్యాప్టోప్రిల్, 2001లో లోసార్టాన్, ఇర్బెసార్టాన్, 2020లో ఫినరెనోన్, ఇవన్నీ సిగ్నళ్ళను అడ్డుకున్న మందులే కదా?

ఒప్పుకుంటాను. మొదటి మూడింటికి నా దగ్గర జవాబు ఉంది. యాంజియోటెన్సిన్ గ్లోమెరులస్ నుంచి రక్తం బయటికి పోయే నాళాన్ని బిగించి లోపల ఒత్తిడి పెంచుతుంది. దాన్ని సడలించడమే ఈ మందుల పెద్ద పని, అంటే భారం దించడమే. పైగా "సిగ్నల్ చెడ్డదైతే ఇంకా గట్టిగా అణిచేద్దాం" అన్న ఆలోచనకు ఏం జరిగిందో చూశాం. లోసార్టాన్ మీద, యాంజియోటెన్సిన్ దారినే అడ్డుకునే లిసినోప్రిల్ కూడా కలిపి ఇచ్చిన నెఫ్రాన్-డి పరీక్షను 2012లో ఆపేశారు. పొటాషియం ప్రమాదకరంగా పెరిగింది, కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతిన్నాయి. అదే దారిని అడ్డుకునే అలిస్కిరెన్ కలిపిన పరీక్షకూ అదే గతి పట్టింది.

ఆల్డోస్టెరోన్ రిసెప్టర్‌ను అడ్డుకునే ఫినరెనోన్ దగ్గర మాత్రం నా వాదన కొంచెం తడబడుతుంది. అది బీపీని తగ్గించేది కొద్దిగానే. అయినా 5674 మంది మీద లెక్కగట్టిన ఫిడీలియో పరీక్షలో ప్రధాన ముప్పు 18 శాతం తగ్గింది. వాపునూ మచ్చకట్టడాన్నీ నడిపే జన్యువులను అది నేరుగా నెమ్మదింపజేస్తుందని దాన్ని తయారుచేసినవాళ్ళు చెప్పేదాంట్లో నిజం ఉండే ఉంటుంది. నేను పట్టుకునే చిన్న ఆధారం ఒక్కటే. అది అడ్డుకునేది ఏదో దారిలో చివరి మెట్టు కాదు. ఉప్పు, ఒత్తిడి, వాపు మూడూ కలిసే చోట ఉన్న రిసెప్టర్. 2025లో దీన్నీ, డాపాగ్లిఫ్లోజిన్ కోవకే చెందిన ఎంపాగ్లిఫ్లోజిన్‌నీ కలిపి ఇచ్చి చూస్తే మూత్రంలో అల్బుమిన్ సగానికి పైగా తగ్గింది, ఏ ఒక్కదానికన్నా ఎక్కువగా. అంటే రెండూ వేరువేరు చోట్ల పనిచేస్తున్నాయి. ఫినరెనోన్ మేలు అంతా భారం దించడమే అంటే నేనే నమ్మను.

సాక్షులుగా

సిగ్నలింగ్ పరిశోధన దండగ అని నేను అనడం లేదు. దాని ఉపయోగం ఇంకో చోట బాగా కనబడుతోందని అంటున్నాను. 2012లో బోస్టన్‌లోని జోస్లిన్ కేంద్రం వాళ్ళు రక్తంలో తిరిగే టీఎన్‌ఎఫ్ (వాపు పెంచే ఒక సిగ్నల్) రిసెప్టర్లు ఎక్కువున్న షుగర్ రోగులే ముందుముందు కిడ్నీ వైఫల్యానికి వెళ్తున్నారని చూపించారు. 2019లో అదే బృందం 17 వాపు ప్రొటీన్ల జాబితా ఇచ్చింది. అవి జబ్బును చేస్తున్నాయా, జబ్బును చూసి అరుస్తున్నాయా అన్నది తేలకపోయినా ఫర్వాలేదు. ఎవరి కిడ్నీ పరుగున పోతోందో ముందే చెబితే చాలు. అందరికీ అన్ని మాత్రలూ ఇచ్చే అవసరం తప్పుతుంది.

మందు పరీక్షల్లోనూ ఈ వాడకం ఫలించింది. ఎండోథెలిన్ అనే నాళాలను బిగించే సిగ్నల్‌ను అడ్డుకున్న అవోసెంటాన్ పరీక్ష ఒంట్లో నీరు చేరి, గుండె వైఫల్యాలు పెరిగి మధ్యలోనే ఆగిపోయింది. అదే దారిలో వచ్చిన అట్రాసెంటాన్‌ను అందరికీ ఇవ్వలేదు. ముందు కొన్ని వారాలు అందరికీ తక్కువ మోతాదులో ఇచ్చి, ఎవరికి అల్బుమిన్ 30 శాతమైనా తగ్గిందో, ఎవరికి నీరు చేరలేదో చూసి, ముఖ్యంగా వాళ్ళతోనే అసలు పరీక్ష నడిపారు. 2019లో వచ్చిన ఫలితం: ప్రధాన ముప్పు 35 శాతం తక్కువ. దోషి అదే, దారి అదే. మారింది ఎవరికి ఇవ్వాలో ఎంచుకోవడం.

ఇంత చెప్పాక ఒక చిన్న పక్కమాట. ప్రొటీన్ వార్త పంపిన మా బావను, మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి ఎప్పుడైనా చూపించుకున్నావా అని అడిగాను. లేదట. రక్తంలో క్రియాటినిన్ ఏటా చూస్తున్నారు, బాగానే ఉందట. అది పెరిగేసరికే చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. అల్బుమిన్ అంతకంటే ఏళ్ళ ముందే తొంగిచూస్తుంది. ఏ పత్రికకూ ఎక్కని పాత ప్రొటీన్, ఏ ల్యాబ్‌లోనైనా చేసే పరీక్ష.

టీజీఎఫ్-బీటా కేసు కొట్టేయాలా అని అడిగితే మాత్రం నేను వద్దనే అంటాను. 416 మంది పరీక్ష చెప్పింది ముదిరిన జబ్బులో ఆ యాంటీబాడీ పనిచేయలేదని. అల్బుమిన్ అప్పుడప్పుడే మొదలైనవాళ్ళలో, ఒత్తిడిని దించే మందులు ముందే పడుతున్నవాళ్ళలో, రక్తంలో టీఎన్‌ఎఫ్ రిసెప్టర్లు చూసి వేగంగా పోయేవాళ్ళను ఏరి, కిడ్నీ కణాల దగ్గర మాత్రమే పనిచేసేలా ఇస్తే ఏమవుతుందో ఆ పరీక్ష చెప్పలేదు. అలాంటి పరీక్షకు ఏళ్ళు పడుతుంది, డబ్బు చాలా అవుతుంది, ఒక కంపెనీకి ఒకసారి ఓడిన మందు మీద మళ్ళీ పెట్టే ఓపిక ఉండదు. కొత్త పేరున్న ప్రొటీన్‌ను ఎలుకలో పట్టుకోవడం దానికన్నా చవక.